బ్రష్ చూస్తేనే పారిపోయే బిడ్డకు పళ్ళు తోమడం ఎలా

మూడు నాలుగేళ్ళ బిడ్డ, ఆటిజం ఉంది. మీరు బ్రష్ చేతిలోకి తీసుకోగానే మంచం కింద దూరుతుంది, లేదంటే పెదాలు బిగించేస్తుంది, లేదంటే పక్కింటివాళ్ళు వచ్చి అడిగేంతగా ఏడుస్తుంది. మీ ఇంట్లో రోజూ ఇదే జరుగుతుంటే ఇది మీకోసమే రాస్తున్నాను. "గట్టిగా పట్టుకుని నాలుగు రోజులు తోమండి, అదే అలవాటైపోతుంది" అని చెప్పేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కొండ మీద కల్యాణకట్టలో పుట్టు వెంట్రుకలు తీయించేటప్పుడు మనం చేసేది అదే కదా, ఇద్దరు ముగ్గురు పట్టుకుంటాం, బిడ్డ ఏడుస్తుంది, కాసేపట్లో అయిపోతుంది, ఎత్తుకుని ఊరుకోబెడతాం. కానీ గుండు ఒకసారి. పళ్ళు రోజుకు రెండుసార్లు, బతికినంత కాలం. ఈరోజు పట్టుకుని తోమేస్తే రేపటి నుంచి బ్రష్ దాకా కూడా అక్కర్లేదు, మీరు బాత్రూమ్ వైపు నడిస్తేనే పరుగు మొదలవుతుంది. అందుకని మొదటి కొన్ని వారాలు పళ్ళు ఎంత శుభ్రమయ్యాయన్నది పక్కన పెట్టండి. బ్రష్ నోటి దాకా రావడానికి బిడ్డ ఒప్పుకుందా లేదా, అదొక్కటే చూసుకోండి.

ముందు అసలు ఇబ్బంది ఎక్కడుందో పట్టుకోవాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి స్పర్శ, రుచి, వాసన, చప్పుడు మనకు తెలిసినట్టు తెలియవు, కొన్ని మరీ ఎక్కువగా తెలుస్తాయి, కొన్ని తక్కువగా. నోరు అందులో ఇంకా సున్నితమైన చోటు. మనం "బ్రష్ వద్దంటోంది" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో ఒకేసారి ఆరేడు విషయాలు కలిసి ఉంటాయి: పేస్ట్ మంట, నురగ, కుచ్చు గుచ్చుకోవడం, నీళ్ళ చల్లదనం, బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత, ట్యూబ్‌లైట్ మినుకు, తలను ఎవరో వెనక నుంచి పట్టుకోవడం. వీటిని విడదీసి చూడండి. ఒకరోజు హాల్లో కూర్చోబెట్టి, పేస్ట్ లేకుండా, పొడి బ్రష్ చేతికివ్వండి. తీసుకుని నోట్లో పెట్టుకుందంటే గొడవ బ్రష్‌తో కాదు. ఇంకోరోజు మీ వేలికి చుక్క పేస్ట్ రాసి పెదవికి తాకించండి. దానికే మొహం తిప్పేసి నాలుక తుడుచుకుందంటే గొడవ పేస్ట్‌తో. మింట్ పేస్ట్‌ని "కారం" అనే పిల్లలు బోలెడుమంది, అది మొండితనం కాదు, వాళ్ళకు నిజంగానే మంటగా ఉంటుంది.

దీనికి పూర్తిగా ఉల్టాగా ఉండే పిల్లలు కూడా ఉన్నారు. బ్రష్ ఇస్తే కొరికి నమిలి కుచ్చంతా పీకేస్తారు, ఎంత గట్టిగా రుద్దినా ఇంకా కావాలన్నట్టు ఉంటారు. వాళ్ళ నోటికి స్పర్శ తక్కువగా తెలుస్తుంది. వీళ్ళకు మెత్త బ్రష్, మెల్లగా తాకడం లాంటి జాగ్రత్తలు పనికిరావు, పైగా చక్కిలిగింతలా ఉండి చిరాకు పెడతాయి. బ్యాటరీతో తిరిగే బ్రష్ వీళ్ళలో కొందరికి బాగా నచ్చుతుంది. మొదటి రకం పిల్లల ముందు మాత్రం ఆ బ్రష్‌ని హఠాత్తుగా ఆన్ చేశారో, మళ్ళీ మొదటికొస్తారు.

ఇంకొకటి, దీన్ని మాత్రం అశ్రద్ధ చేయొద్దు. మొన్నటిదాకా ఎలాగో ఒకలాగ తోమించుకున్న బిడ్డ ఉన్నట్టుండి వద్దంటే, ఒకవైపు చెంప మీద కొట్టుకుంటుంటే, ఒకే పక్క నములుతుంటే, చల్లటిది తాగుతూ తాగుతూ ఆపేస్తుంటే, రాత్రి లేచి ఏడుస్తుంటే ఆ పిల్లకు పన్ను నొప్పి ఉండొచ్చు. మాటలు రాని బిడ్డ "నొప్పి" అని చెప్పలేదు, అందరూ ప్రవర్తన సమస్య అనుకుని థెరపీలో వెతుకుతుంటారు. ముందు పళ్ళ డాక్టర్‌కి చూపించి, తర్వాతే కింద రాసినవి మొదలుపెట్టండి. పుచ్చిన పన్ను మీద బ్రష్ అలవాటు చేయడం ఎవరి వల్లా కాదు.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్రష్ చిన్న తలతో, 'ఎక్స్‌ట్రా సాఫ్ట్' అని రాసి ఉన్నది. దానికి కూడా ఒప్పుకోకపోతే వేలికి తొడుక్కునే సిలికాన్ బ్రష్, అదీ కాకపోతే తడిపిన మెత్తటి నూలుగుడ్డ వేలికి చుట్టి తుడవడం, ఇదేమీ తక్కువ కాదు, సున్నాకంటే వందరెట్లు మేలు. మూడువైపులా కుచ్చు ఉండే బ్రష్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పన్నును లోపల, బయట, పైన ఒకేసారి పట్టుకుంటాయి కాబట్టి ఎక్కువసేపు నోరు తెరవలేని పిల్లలకు మంచి ఆసరా. పేస్ట్ విషయంలో నురగే ఇబ్బందైతే సోడియం లారిల్ సల్ఫేట్ లేనిది తీసుకోండి, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, నురగ వచ్చేది దానివల్లే. రుచి లేని పేస్ట్‌లు కూడా ఉన్నాయి. ఎంత పెట్టాలంటే, మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, టీవీ ప్రకటనలో చూపించే పొడుగాటి మెలిక ఎప్పుడూ వద్దు. ఉమ్మడం రాని బిడ్డకు, వయసు ఎంతైనా సరే, బియ్యపు గింజంత రాసి చివర్లో తడిగుడ్డతో తుడిచేయొచ్చు. పుచ్చు రాకుండా ఆపేది ఫ్లోరైడ్, కనీసం 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) ఉండాలి, పిల్లల పేస్ట్‌లు కొన్నిట్లో అంత ఉండదు, చూసుకుని కొనండి. రాయలసీమలో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటుంది, మీది అలాంటి ఊరైతే పేస్ట్ మీరే తేల్చుకోకుండా డాక్టర్ని అడగండి. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే సగం పేచీ తగ్గుతుంది, ధనుర్మాసంలో పొద్దున్నే కొళాయి నీళ్ళంటే మనకే పళ్ళు జివ్వుమంటాయి.

ఇక అలవాటు చేయడం. దీన్ని మెట్లుగా తీసుకోవాలి, ఒక మెట్టు మీద బిడ్డ టెన్షన్ లేకుండా నిలబడ్డాకే రెండోది. మొదట బ్రష్ ఆడుకునే బొమ్మల మధ్య పడి ఉంటే చాలు, ఎవరూ దాని గురించి మాట్లాడొద్దు. తర్వాత చేత్తో పట్టుకోవడం, బొమ్మకు తోమడం, మీకు తోమడం (మీరు నోరు బాగా తెరిచి కొంచెం అతిగా నటించాలి). తర్వాత బ్రష్ వీపుతో బిడ్డ చేతిని, భుజాన్ని, చెంపను తాకడం. తర్వాత పెదవి. తర్వాత ఒక పన్ను, ఒకటి అంకె లెక్కపెట్టేంతసేపు. ఇక్కడే జనం కక్కుర్తి పడతారు. ఒక పన్నుకు ఒప్పుకుంది కదా అని వెంటనే లోపలికి దూర్చేస్తారు, అంతటితో బిడ్డ నమ్మకం పోతుంది. ఒకటి అన్నారా, ఒకటే. తీసేయండి, మెచ్చుకోండి, ఆ పూటకు అయిపోయింది. మీరు చెప్పిన చోట ఆపుతారని బిడ్డకు తెలియడమే ఇందులో అన్నిటికంటే పెద్ద మెట్టు, అది ఎక్కితే మిగతావి వాటంతట అవే వస్తాయని నేను అనను గానీ చాలా తేలికవుతాయి.

మొదలుపెట్టే ముందు ఒకట్రెండు నిమిషాలు ఒళ్ళు నెమ్మదింపచేయడం చాలామంది ఓటీలు (ఆక్యుపేషనల్ థెరపిస్టులు) నేర్పిస్తారు. రెండు అరచేతులతో భుజాలు గట్టిగా, ఆపి ఆపి నొక్కడం, తర్వాత దవడల మీద, చెంపల మీద అరచేయి నిండా ఆనించి నొక్కడం. ఈకతో రాసినట్టు మెల్లగా తాకితే ఎక్కువమందికి ఒళ్ళు జలదరిస్తుంది, నిండుగా నొక్కితే కుదురుకుంటారు. నమలడానికి ఇచ్చే రబ్బరు ట్యూబ్ ఉంటే కాసేపు నమలనివ్వండి. మీ బిడ్డ ఓటీకి వెళ్తుంటే ఈ నొక్కడం వాళ్ళ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి, రాతలో చెప్తే సగమే అర్థమవుతుంది.

కూర్చునే తీరు చాలా ముఖ్యం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనం నిలబడి, బిడ్డకు ఎదురుగా, పైనుంచి చేయి తీసుకొస్తాం. మీదికి ఏదో వచ్చిపడుతోందనిపిస్తుంది వాళ్ళకు. దానికి బదులు నేల మీద కూర్చుని, బిడ్డ వీపు మీ ఛాతీకి ఆనేలా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఇద్దరూ ఎదురుగా ఉన్న అద్దంలోకి చూడండి, బ్రష్ కింది నుంచి పక్కగా రావాలి. లేదా చాప మీద పడుకోబెట్టి తల మీ ఒళ్ళో పెట్టుకోండి, పై పళ్ళు చూడ్డానికి దీన్ని మించింది లేదు. బాత్రూమ్‌లోనే చేయాలన్న రూలేం లేదు, ఉమ్మడానికి ఒక చెంబు పక్కన పెట్టుకుంటే హాలు చాలు. పై ముందు పళ్ళ చిగురు చాలామందికి బాగా సున్నితం, అక్కడ మొదలుపెట్టకుండా పక్క దవడ నుంచి మొదలుపెట్టండి. బ్రష్ మరీ వెనక్కి పోతే ఓకరింతలు వస్తాయి, నాలుకకు తగలకుండా చెంప వైపు ఆనించి లోపలికి పోవాలి.

ఎప్పుడైపోతుందో తెలియకపోవడం ఈ పిల్లలకు పెద్ద భయం. దానికి ఇంటికో మార్గం ఉంటుంది, మా ఇంట్లో రైలు. మా వాడికి రైళ్ళంటే ప్రాణం, తిరుపతి నుంచి కాట్పాడి దాకా స్టేషన్లన్నీ నోటికి వచ్చు, వేరే మాటలు అంతగా రాని రోజుల్లో కూడా ఇవి వచ్చేవి. నోటిని ఆరు భాగాలు చేశాం. పైన ఎడమ దవడ రేణిగుంట, పైన ముందు పళ్ళు తిరుపతి, పైన కుడి దవడ చంద్రగిరి. పాకాల జంక్షన్ కదా, అక్కడ లైను మారుతుంది, పై వరుస నుంచి కింద కుడి దవడకు దిగుతాం. కింద ముందు పళ్ళు చిత్తూరు, కింద ఎడమ దవడ కాట్పాడి. ఒక్కో స్టేషన్లో ఐదు లెక్కపెట్టేంతసేపే బండి ఆగుతుంది. కాట్పాడిలో అందరూ దిగిపోవాలి, బ్రష్ నోట్లోంచి బయటికి. గోడకు ఒక అట్ట, దాని మీద ఆరు పేర్లు, ఒక్కోటి అయ్యాక అయస్కాంతం రైలును వాడే జరుపుతాడు. చంద్రగిరి వచ్చేసరికి వాడి భుజాలు బిగుసుకునేవి, ఆ కుడి దవడ వెనక పన్ను దగ్గర ఏదో ఇబ్బంది, అక్కడ కొన్నాళ్ళు బండిని ఆపకుండా సిగ్నల్ ఇచ్చి పంపించేసేవాళ్ళం, ఒక్క రుద్దు, అంతే. ఎన్నాళ్ళకో ఒకరోజు కాట్పాడి అయ్యాక నేను బ్రష్ తీసేస్తుంటే నోరు తెరిచే ఉంచి "జోలార్‌పేట" అన్నాడు. కాట్పాడి దాటాక వచ్చే జంక్షన్ అది. ఇప్పుడు జోలార్‌పేట అంటే నాలుక.

మీ పిల్లకు రైళ్ళు కాకపోతే ఇంకేదో ఉంటుంది, అంకెలు, వారాల పేర్లు, ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు, ఏదైనా సరే ఆరు భాగాలకు సరిపోయి ఒక చివర ఉండాలి. మాట కంటే బొమ్మ బాగా ఎక్కే పిల్లలకు ఫోటోలు తీసి అట్ట మీద అంటించండి: బ్రష్, పేస్ట్, పై పళ్ళు, కింది పళ్ళు, ఉమ్మడం, తువ్వాలు, ఆ తర్వాత బిడ్డకు ఇష్టమైన పని. ఇంటర్నెట్‌లో బొమ్మలు వద్దు, మీ ఇంటి బ్రష్‌నే, మీ ఇంటి చెంబునే ఫోటో తీయండి. అన్నో అక్కో పళ్ళు తోముకుంటుంటే ఫోన్లో వీడియో తీసి రోజూ చూపించడం కూడా కొందరికి అద్భుతంగా పని చేస్తుంది. వేళ కూడా దేనికో ఒకదానికి కట్టేయండి. పొద్దున సుప్రభాతం పెట్టే ఇల్లైతే అది అవగానే బ్రష్, రాత్రి నైటీ వేయగానే బ్రష్, ఇలా. రెండిట్లో ఒకటే కుదురుతుందంటే రాత్రిదే ఎంచుకోండి, నిద్రలో ఉమ్మి తగ్గిపోతుంది, పళ్ళ మధ్య ఉన్న తీపి తెల్లవార్లూ అక్కడే ఉంటుంది. పాలు తాగాక బ్రష్, బ్రష్ అయ్యాక నీళ్ళు తప్ప ఏమీ వద్దు. నోట్లో పాలసీసాతో నిద్రపోయే అలవాటుంటే ముందు దాన్ని మాన్పించే పని పెట్టుకోండి.

తీపి మాట వచ్చింది కాబట్టి, థెరపీలో ప్రతి సరైన జవాబుకు ఒక చాక్లెట్ ముక్కో బిస్కెట్ ముక్కో ఇస్తుంటారు, రోజంతా కొంచెం కొంచెంగా తీపి నోట్లో ఉండటం ఒకేసారి లడ్డూ తినేయడం కంటే పళ్ళకు చెడ్డది. బహుమతి ఇవ్వొద్దని కాదు, మరమరాలో (మింగడం, నమలడం బాగా వచ్చినవాళ్ళకే), అసలు తినేది కాకుండా బుడగలు ఊదడమో, ఉయ్యాలో పెట్టమని టీచర్తో మాట్లాడండి. కొందరు పిల్లలు అన్నం చెంపలో దాచుకుని గంటసేపు ఉంచుకుంటారు, భోజనం అయ్యాక వేలు పెట్టి చూసి నీళ్ళు తాగించండి. రోజూ వేసే సిరప్‌లో చక్కెర ఉందేమో మందుల షాపులో అడగండి, చక్కెర లేనిది దొరకొచ్చు. ఫిట్స్‌కి ఫెనిటోయిన్ వాడే పిల్లల్లో కొందరికి చిగుళ్ళు ఉబ్బి పెరుగుతాయి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది, నొప్పి పుడుతుంది. మందు మీరే ఆపేయకండి, డాక్టర్‌కి చెప్పండి.

ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక మాట. ఉప్పూ బొగ్గూ వేసి తోమితే ముత్యాల్లా ఉంటాయని అవ్వలు అంటారు, వాళ్ళ పళ్ళు చూస్తే నమ్మబుద్ధి కూడా అవుతుంది. కానీ పాలపళ్ళ పై పొర పలచన, గరుకు పొడి దాన్ని గీకేస్తుంది. వేపపుల్ల చేదుకు ఈ పిల్లలు దడుచుకుంటారు. అయితే అవ్వ దగ్గర మనకు లేనిది ఒకటుంది. "రా నాయనా, వేలితో తోముతా" అని ఆమె ఒళ్ళోకి తీసుకుంటే నోరు తెరిచే పిల్లలు ఉన్నారు. అది వాడుకోండి. పళ్ళపొడి బదులు ఆమె వేలికి బియ్యపు గింజంత పేస్ట్, కొన్నాళ్ళకు అదే వేలికి సిలికాన్ తొడుగు. బిడ్డ కొరికే రకమైతే మాత్రం అవ్వ వేలు పెట్టించకండి.

కొన్ని రోజులు అస్సలు కుదరదు. జ్వరం, నోటిపూత, బంధువుల పెళ్ళి, కరెంటు పోయిన రాత్రి. ఆ రోజు తడిగుడ్డతో ఒక్క తుడుపు, అదీ కాకపోతే బ్రష్ చేత్తో పట్టుకుని పక్కన పెట్టేయడం. వరుస తెగకుండా ఉంటే చాలు. మెల్ట్‌డౌన్ (తట్టుకోలేక బిడ్డ పూర్తిగా అదుపు తప్పిపోవడం) మొదలయ్యాక మాత్రం పట్టుపట్టి పూర్తి చేయాలనుకోవద్దు, ఆ స్థితిలో బిడ్డ నేర్చుకునేది ఏమీ ఉండదు.

పళ్ళ డాక్టర్ దగ్గరికి నొప్పి వచ్చాక మొదటిసారి వెళ్ళడం కంటే ఏమీ లేనప్పుడు వెళ్ళి కుర్చీ ఎక్కి దిగి రావడం మంచిది. పిల్లల పళ్ళ డాక్టర్లను పెడోడాంటిస్ట్ అంటారు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు డెంటల్ కాలేజీ ఉంది, డెంటల్ కాలేజీల్లో పిల్లల విభాగం విడిగా ఉంటుంది. చిత్తూరు వాళ్ళు ఎలాగూ దేనికో ఒకదానికి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతుంటారు, అక్కడైనా అడగొచ్చు. ఫోన్ చేసి బిడ్డకు ఆటిజం అని ముందే చెప్పి, రద్దీ లేని వేళ, వీలైతే పొద్దున మొదటి నంబరు అడగండి. వెయిటింగ్ హాల్లో గంట కూర్చున్నాక ఏ బిడ్డా నోరు తెరవదు. ఇంటి బ్రష్, చెవులకు హెడ్‌ఫోన్, లైటు కళ్ళలో పడకుండా నల్ల కళ్ళద్దాలు తీసుకెళ్ళండి. ఫ్లోరైడ్ వార్నిష్ గురించి అడగండి, చిన్న కుంచెతో రాసేస్తారు, నిమిషాల పని, ఇంట్లో బ్రష్ సరిగా కుదరని పిల్లలకు అది పెద్ద అండ. పుచ్చు మొదలై డ్రిల్లింగ్ పెట్టలేని పరిస్థితిలో సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు రాసి పుచ్చును ముదరకుండా ఆపే పద్ధతి కూడా ఉంది, రాసిన చోట పన్ను నల్లబడుతుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకోండి.

ఆరేళ్ళ దగ్గర మళ్ళీ ఒక కుదుపు వస్తుంది. ముందు పళ్ళు ఊగుతాయి, పాలపళ్ళ వెనక కొత్త దవడ పళ్ళు చిగురు చీల్చుకుని వస్తాయి, బాగా ఒప్పుకుంటున్న బిడ్డ కూడా వెనక్కి పోవచ్చు. ఆ కొత్త దవడ పళ్ళు మళ్ళీ రావు, పాలపళ్ళు అనుకుని వదిలేయకండి, ఆ మూల వరకు బ్రష్ పోతోందో లేదో లైటు వేసి చూడండి.

బ్రష్ మూడు నెలలకొకసారి, కుచ్చు విచ్చుకుంటే అంతకంటే ముందే మార్చాలి, ఈ పిల్లలతో అది కూడా ఒక యుద్ధమే. పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు ఒకే కప్పులో పక్కపక్కన ఉంచి, పాత దాంతో తోముతూ చివరి ఒక్క రుద్దు కొత్తదాంతో వేయండి. నచ్చిన బ్రష్ దొరికిందంటే అదే రంగువి నాలుగైదు ఒకేసారి కొని దాచిపెట్టుకోండి, కంపెనీవాళ్ళు చెప్పకుండా రంగు మార్చేస్తారు.